ఎడమకి లాగే సైకిలు

పటమట, విజయవాడ
14-10-2003

అత్తయ్యకి పద్మ దణ్ణాలు.

ఫోను చేద్దామనుకున్నాను గానీ మీ ఊళ్ళో ఫోను ఆదెమ్మగారి కొట్టులో ఉంది కదా. నేను చెప్పింది నీకంటే ముందు ఆవిడకి తెలిసిపోతుంది. ఈ సంగతి ఊరికి తెలియకూడదు, నాన్నకి అసలే తెలియకూడదు. అందుకే ఉత్తరం.

వచ్చే నెల ఇరవై మూడు, ఆదివారం, మీ తిప్పపాలెం ఒడ్డున సైకిళ్ళ పోటీ పెడుతున్నారు. పెట్టేది మా క్లబ్బే. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకు. ఆదివారం పొద్దున్నే కరకట్ట మీదా కొండపల్లి గుట్టల్లోనూ సైకిళ్ళు తొక్కే ఇరవై మందిమి. మా పెద్ద రామకోటేశ్వరరావు గారు, పళ్ళ డాక్టరు. ఎక్కడో విదేశంలో సముద్రపు ఒడ్డున మౌంటెన్ బైకుల పోటీ జరిగిందని పత్రికలో చదివారు, అప్పట్నుంచి ఆయనకి నిద్ర లేదు. మీ ఊరి దగ్గర బయల్దేరి, ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా ఆరు కిలోమీటర్లు, మళ్ళీ వెనక్కి ఆరు. అంతా ఇసకే. పేరిచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే.

నా సైకిలు నాన్న కట్టిందే. ఆటోనగర్ షెడ్డులో లారీ బాడీల మధ్య కూర్చుని తన చేత్తో కట్టాడు. ఎర్ర రంగు, లావు టైర్లు, గేర్లు. స్పేర్ పార్టుల కొట్టుకి నేను బిల్లులు రాయడానికి వెళ్తాను కదా, అందుకని రెండేళ్ళ కిందట ఇచ్చాడు. ఇసక మీద తొక్కబోతానంటే ఒప్పుకోడు. మీ ఊరి పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతాడు. మీదే ఊరని ఎవరైనా అడిగితే 'చల్లపల్లి వైపు' అంటాడు. చల్లపల్లి దాటాక సముద్రం దాకా ఇంకెంత దూరం ఉందో తెలియనివాడిలా.

నువ్వు ఏళ్ళ తరబడి ఆ ఇసక మీదే వెనక చేపల తట్ట కట్టుకుని సైకిలు తొక్కావు. ఎలా తొక్కాలో నాకు నేర్పు. నీకంటే బాగా ఎవరికి తెలుసు?

నీ మేనకోడలు
పద్మశ్రీ


తిప్పపాలెం
20-10-2003

పద్మా,

నీ ఉత్తరం నేనే చదువుకున్నాను, ఎవరి చేతా చదివించుకోలేదు. తెరేసమ్మ టీచరు నా చేత అక్షరాలు దిద్దించిన రోజుల్లో ఊళ్ళో మొగాళ్ళు నవ్వారు. ఇప్పుడు కరెంటు ఆఫీసు కాగితం వస్తే వాళ్ళే నా దగ్గరికి తెస్తున్నారు. ఇక్కడందరం క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని ముందు రాయాలంట. రాశాను. ఇంక అసలు సంగతి.

తట్టలో ఎన్ని కేజీలు పెడతారో నువ్వు రాయలేదు. ముప్పయి అయితే వెనక చక్రం ఇసకని పట్టుకుంటది. యాభై దాటితే ముందు చక్రం లేస్తది. చేపలైతే పర్వాలేదు. రొయ్యలైతే నీళ్ళు కారి చైను మీద పడుద్ది, రెండు రోజుల్లో తుప్పు. ఏం పెడతారో డాక్టరు గారిని అడిగి రాయి, అప్పుడు చెప్తాను.

మీ నాన్న సంగతి. తొంభై నాలుగు వేసంగిలో వచ్చి నా సైకిలు లారీ మీద వేసుకుని పోయాడు. 'అక్కా, రిమ్ములు మార్చి, తట్ట కూర్చునేట్టు గట్టి క్యారేజీ వేసి వారంలో తెచ్చిస్తా' అన్నాడు. ఆ వారం ఇంకా అవలేదు. నేను అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. కొన్నాళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని నడిచాను, తర్వాత ఆటోలొచ్చాయి. సైకిలు పోతే పోయింది. దాంతోపాటు తమ్ముడూ పోయాడు, అదే నాకు దిగులు. పట్నంలో షెడ్డు పెట్టినవాడికి చేపలమ్మే అక్క దగ్గర వాసన కొట్టుద్ది, నాకు తెలియదా. అయినా నేను పోయేలోపు ఒక్కసారి తమ్ముడు కాశీ ఈ ఇసక మీద కాలు పెట్టాలి, నా ఇంట్లో పీట మీద కూర్చుని నాలుగు ముద్దలు తినాలి. నాకింకో కోరిక లేదు.

ఇదంతా నీకు చెప్పుకున్నాను. నువ్వు మాత్రం సైకిలు సంగతి వాడి దగ్గర ఎత్తమాక. మీ అమ్మకి ఎండురొయ్యలు బస్సులో పంపిస్తాను, సంచి అడుగున నీకు మావిడితాండ్ర ఉంటది.

మీ మేనత్త
సన్యాసమ్మ


పటమట
28-10-2003

అత్తయ్యా,

రొయ్యలు అందాయి. తాండ్రకి రొయ్యల వాసన పట్టింది, అయినా వదల్లేదు.

తట్ట ఉండదు. బరువు ఏమీ మొయ్యం. ఊరికే తొక్కడమే. ఎవరు ముందు తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఏమీ మొయ్యకుండా అంత దూరం పోయి ఉత్త చేతుల్తో తిరిగి రావడమెందుకని నువ్వు అడుగుతావని తెలుసు. అమ్మ కూడా అదే అడిగింది. నేను చెప్పలేకపోయాను. కరకట్ట మీద గాలికి ఎదురు తొక్కుతుంటే మాత్రం బిల్లుల కొట్టు, షెడ్డు, పటమట అన్నీ వెనకపడిపోతాయి. ఆ ఒక్క గంట నేను నాలాగా ఉంటాను.

పోటీ సరిగ్గా తొమ్మిదింటికి మొదలు. డాక్టరు గారు ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కానివ్వరు. తక్కినవాళ్ళవి మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి తెప్పించిన సైకిళ్ళు. నాదొక్కటే షెడ్డులో పుట్టింది. దానికి ఒకటే తెగులు. చెయ్యి కాస్త వదులు చేస్తే చాలు, ఎడమకి లాగుతుంది. నాన్న రిమ్ము మార్చాడు, బేరింగులు మార్చాడు, ముందు చక్రం పట్టుకునే ఫోర్కు తిన్నగా వంచాడు. అయినా ఎడమకే.

ఇంకోటి చెప్పాలి, తిట్టకు. నువ్వు వద్దన్నా ఉండబట్టలేక అన్నం దగ్గర అడిగేశాను, 'అత్తయ్య సైకిలు ఏమైంది నాన్నా' అని. ఆయన చేతిలో ముద్ద కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. మీ ఇద్దరికీ ఏదో పెద్ద గొడవ జరిగే ఉంటుంది. ఆయనకి నీ మీద ఇంకా కోపం పోలేదు. నీకు చెప్పకుండా ఉంటే బాగుండేది గానీ, నీ దగ్గర దాచలేను.

పద్మ


తిప్పపాలెం
4-11-2003

పద్మా,

ఎవరితోనూ నాకు గొడవ లేదు. కోపమని వాడు అన్నాడా, నువ్వే అనుకున్నావా?

ముందు పోటీ సంగతి. ఇరవై మూడు అమావాస్య. అమావాస్యనాడు పొద్దున తొమ్మిదింటికి నిండు పోటు, నీళ్ళు సరుగుడు చెట్ల దాకా వస్తాయి. గట్టి ఇసకంతా సముద్రం కింద ఉంటది. పైనున్న పొడి ఇసకలో సైకిలు కాదు కదా, కుక్క కూడా పరిగెత్తలేదు. మధ్యాహ్నం రెండు దాటితే పాటు, నీళ్ళు లోపలికి పోయి ఒడ్డు రోడ్డులా గట్టిగా ఉంటది. డాక్టరు గారికి చెప్పు. పళ్ళు పీకే ముందు నోరు తెరిచి చూస్తాడు కదా, సముద్రాన్ని కూడా ఒకసారి చూసి టైము పెట్టమను.

ఆయన వినకపోతే ఇట్లా చెయ్యి. అల వెనక్కి పోయిన చోట తడి మెరుస్తా ఉంటది. ఆ మెరుపు ఉన్నంతసేపే ఇసక గట్టిగా ఉంటది. మెరుపు మీదే తొక్కు, ఆగమాక. టైర్లలో గాలి సగం తీసెయ్యి. వేలితో నొక్కితే గోరు దాకా దిగాలి. మీ ఆటోనగరు వాళ్ళు సైకిలుక్కూడా లారీకి కొట్టినట్టు గాలి కొడతారు, దాంతో ఇసకలో నాటేసినట్టు దిగబడుద్ది.

ఇంక రెండో సంగతి. ఎనభై ఏడులో రేవు కాడ నలభై కేజీల సావిడాయి చేపలతో పడ్డాను. ముందు ఫోర్కు వంగింది. ఎంతమంది తిన్నగా వంచినా ఆ సైకిలు ఎడమకే లాగేది. ఎడమకి లాగే సైకిలు నా జన్మలో ఒకటే చూశాను పద్మా. దానికి ఎర్ర రంగు వేసి గేర్లు పెట్టినంత మాత్రాన నాకు తెలియకుండా పోద్దా? వాడు నా సైకిలు నీకిచ్చాడు. ఇచ్చినందుకు నాకు బాధ లేదు, నువ్వు తొక్కితే నేను తొక్కినట్టే. 'అక్కా, ఇస్తున్నా' అని ఒక్క మాట చెప్పలేదు చూడు, అక్కడ మనసు చివుక్కుమంది. ఈ సంగతి నువ్వు అడగొద్దు. వాడే వచ్చి నాకు చెప్పాలి.

సన్యాసమ్మ


పటమట
17-11-2003

అత్తయ్యా,

ఇరవై రోజులైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. సైకిలు సంగతి ఎత్తవద్దంటే ఎత్తాను, అందుకే కోపం వచ్చింది కదూ. రోజూ పోస్టుమేన్ని అడుగుతున్నాను. ఆయన నా మొహం చూసి, 'ఎవరమ్మా ఆ అబ్బాయి' అన్నాడు. మా మేనత్త అంటే నమ్మలేదు.

ఇక్కడ నాన్న ధోరణి కూడా ఏం బాగాలేదు. పరధ్యానం. మొన్న నా సైకిలు ముందు గొంతుక్కూర్చుని గొట్టం మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. నన్ను చూసి చైనుకి నూనె వెయ్యాలన్నాడు. నూనె డబ్బా అయితే చేతిలో లేదు. పోటీ సంగతి తెలిసిపోయిందేమోనని నాకు భయంగా ఉంది.

వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. ఆరుగురు మానుకున్నారు. డాక్టరు గారు మాత్రం గాలీ వానా ఉంటేనే అసలైన పోటీ అంటున్నారు. ఆదివారం తెల్లవారుజామున క్లబ్బు బస్సు. నీకు ఇష్టం లేకపోతే ఇంటికి రానులే. ఒడ్డు దాకా వచ్చి దూరంగా నిలబడినా చాలు. నువ్వు చూస్తున్నావంటే నేను తొక్కగలను.

పద్మ


కార్డు
తిప్పపాలెం, 20-11-2003

పద్మా, నాలుగో తారీకున రెండు కాగితాల నిండా రాశాను, ఏ గంగలో కలిసిందో. నాకు నీ మీద కోపం లేదు. టైర్లలో గాలి సగం తియ్యి. తడి మెరిసే చోట తొక్కు. తొమ్మిదింటికి పోటు, డాక్టరుకి చెప్పు. ఒడ్డునే ఉంటాను. తలకి గుడ్డ కట్టుకో. ఇంకా రాద్దామంటే కార్డు అయిపో


పటమట
25-11-2003

అత్తయ్యా,

నీ కార్డు ఇవాళ వచ్చింది. పోటీ అయిన రెండో రోజు. 'టైర్లలో గాలి సగం తియ్యి' అన్న చోట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఎందుకో చెప్తాను విను. ఆదివారం లేచి చూస్తే సైకిలు రెండు టైర్లూ మెత్తగా ఉన్నాయి. రెండూ ఒకేసారి పంక్చరవుతాయా? నాన్నకి తెలిసిపోయింది, నన్ను ఆపడానికి గాలి తీసేశాడని అర్థమైంది. ఒళ్ళు మండిపోయి, పంపు తెచ్చి రెండూ రాయిలా కొట్టాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంత చప్పుడైనా కదల్లేదు. అది చూసి ఇంకా కోపమొచ్చింది.

ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక అరగంట ఆగాం. మేం వచ్చేసరికి మీ సముద్రం నువ్వు కార్డులో రాసినట్టే పోటు మీద ఉంది, సరుగుడు చెట్ల కిందికి వచ్చేసింది. వాన అడ్డంగా కొడుతోంది. డాక్టరు గారు పాతించిన జెండాలు ఒక్కటీ లేవు. ఆయన మాత్రం గడియారం చూసుకుని తొమ్మిదింటికి విజిలు ఊదారు. పద్నాలుగు మందిమి బయల్దేరి పద్నాలుగు మందిమీ వంద గజాల్లో దిగబడ్డాం. బెంగుళూరు సైకిళ్ళ గేర్లలో ఇసక పోయి కరకరమంటుంటే వాళ్ళు భుజాన వేసుకుని నడుస్తున్నారు. నాది ఎంత తొక్కినా ఉన్నచోటే గొయ్యి తవ్వుతోంది. ఇంక నావల్ల కాదనుకున్నాను.

అప్పుడు వచ్చావు నువ్వు, కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నెత్తిన యూరియా సంచి కప్పుకుని. పలకరింపు కూడా లేదు. టైరు నొక్కి చూసి నా వంక ఒక చూపు చూశావు. ఆ చూపు చాలు, ఏదో పెద్ద తప్పే చేశానని తెలిసింది. రెండు టైర్లలోనూ గాలి తీసి, నీళ్ళ అంచున మెరిసే చోటు చూపించి, 'ఎక్కు' అన్నావు.

అత్తయ్యా, ఎలా వెళ్ళిందనుకున్నావు. అల వచ్చి చక్రాలు తడిపి పోతోంది, అది పోయిన చోటే నేను పోతున్నాను. సముద్రం ఎడమ వైపు, గాలి అటునుంచి కుడికి తోస్తోంది, సైకిలేమో ఎడమకి లాగుతోంది. రెండూ సరిపోయి తిన్నగా మొగ దాకా వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు గాలీ సైకిలూ ఒకటై ఒకే వైపు లాగాయి. చేతులు ఇవాళ్టికీ పైకి లేవడం లేదు. అయినా ఒక్కసారి కూడా దిగలేదు. నాకంటే ముందు వచ్చింది ముగ్గురే, నేను దిగబడి ఉండగానే తడి అంచు పట్టుకుని పోయినవాళ్ళు.

డాక్టరు గారు వరస రాసిన కాగితంలో నా పేరు కొట్టేశారనుకో. బయటివాళ్ళ సాయం తీసుకోకూడదని రూలు. 'ఈ ఒడ్డున నేను బయటిదాన్నా' అని నువ్వు అడిగితే డాక్టరు గారు గడియారం అద్దం తుడుచుకున్నారు. పేరు మాత్రం మళ్ళీ రాయలేదు. రాయకపోయినా నాకేం బాధ లేదు. ఆ పన్నెండు కిలోమీటర్లు నావి.

ఒక్కటే అర్థం కాలేదు. రోడ్డు మునుగుతోందని అందరం హడావుడిగా బస్సెక్కుతుంటే నువ్వు సైకిలు గొట్టం పట్టుకుని వదల్లేదు. 'ఇక్కడుండనీ' అన్నావంతే. నీ మొహం చూసి నేను ఎందుకని అడగలేకపోయాను. ఇప్పుడు నాన్నకి ఏం చెప్పను? ఆయన ఇంట్లో లేడు. లేతు మిషను పని మీద ఏలూరు వెళ్ళాడంది అమ్మ. మూడో రోజు, షెడ్డుకి తాళం. ఆయన వచ్చేలోపు సైకిలు పంపించు. వచ్చాక నాకూ ఆయనకీ ఆ గాలి సంగతి తేలాలి. కన్న కూతుర్ని అలా ఆపుతారా ఎవరైనా.

పద్మ


తిప్పపాలెం
28-11-2003

పద్మా,

మీ నాన్న ఏలూరు పోలేదు. ఆదివారం నుంచీ నా ఇంట్లోనే ఉన్నాడు. ఇది రాస్తుంటే నా పీట మీద కూర్చుని పులుసు పోసుకుని తింటున్నాడు. రెండోసారి పోసుకుంటున్నాడు.

నువ్వు పోయిన బస్సు వెనకే అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి చేపల వ్యానులో వచ్చాడంట. బోర్లించిన పడవ చాటున నిలబడి అంతా చూశాడంట. కళ్ళజోడు తడిసి మనుషులు కనపడలేదు, ఎర్ర రంగొక్కటే నీళ్ళ అంచున కదులుతా కనపడింది అన్నాడు. నీ బస్సు మలుపు తిరిగాక బయటికొచ్చాడు. చేతిలో గోనె చుట్టిన మూట. నేను సైకిలు పట్టుకుని నిలబడ్డాను. మూట నా కాళ్ళ దగ్గర పెట్టి, 'అక్కా, నీ సైకిలు తెగ్గోశాను' అన్నాడు.

మూటలో ఉంది తొమ్మిదేళ్ళ కిందట వేస్తానన్న క్యారేజీ. దాన్ని బిగించబోతా, లారీ పని అలవాటు చొప్పున గ్యాసు పెట్టి కోస్తే సైకిలు పై గొట్టం రెండు ముక్కలైందంట. లారీలు అతికే వెల్డింగుతో అతికితే పల్చటి గొట్టం కాలి చిల్లులు పడింది. మళ్ళీ అతికాడు, మళ్ళీ ఊడింది. లారీ చాసిస్‌లు అతికే కాశీరావు సైకిలు అతకలేకపోయాడని ఆటోనగరులో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదంట. చివరికి మరియదాసని, ముసలి సైకిలు మేస్త్రీ, ఇత్తడితో అతకడం నేర్పాడంట. అప్పటికి ఏడేళ్ళు. అంత ఆలస్యంగా ఏ మొహం పెట్టుకుని తేవాలో తెలియక, అతుకు నిలబడుద్దో లేదో చూద్దామని నీకిచ్చాడంట. కూతురి మీద పరీక్ష చేసేవాణ్ణి వీణ్ణే చూశాను.

'ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం అక్కా' అన్నాడు. చిన్నబుచ్చుకుంటావని అడగలేదన్నాను. 'నువ్వు అడక్కపోతే నీకు కోపమనుకున్నా' అన్నాడు. చేపల వాసన పడక రాలేదనుకున్నానని నేనూ చెప్పేశాను. నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. 'షెడ్డులో గ్రీజు వాసనకి తొమ్మిదేళ్ళుగా అన్నం సయించలేదే, పులుసుందా' అన్నాడు. ఇద్దరం ఆ వానలోనే ఏడ్చాం. ఆదెమ్మ కొట్టులోంచి చూసింది. చూడనీ.

నేను నాలుగో తారీకున రాసిన ఉత్తరం వాడి జేబులో ఉంది. పోస్టుమేను షెడ్డులో ఇచ్చాడంట, నా దస్తూరీ చూసి ఆగలేక చించాడంట. నలిగి నలిగి మడతల దగ్గర చిరిగిపోయింది. ఇందులోనే పెట్టి పంపిస్తున్నాను, నీది నీకు చేరాలి. చదువు, అన్నీ తెలుస్తాయి.

నిన్న క్యారేజీ బిగించాడు. గేర్లు ఉండనిమ్మన్నాను. ఇవాళ పాటులో మెరుపు మీద నేనే తొక్కాను, మోకాళ్ళు అరుస్తానే ఉన్నాయి. వాడు వెనక క్యారేజీ పట్టుకుని పరిగెత్తాడు. 'ఎడమకి లాగుద్ది అక్కా, ఫోర్కు మార్చేస్తా' అన్నాడు. దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నాను.

సైకిలు నా దగ్గరే ఉంటది. నీకు కొత్తది కట్టమన్నాను, వారంలో కడతానన్నాడు. ఆ వారం ఎంత పొడుగుంటదో నాకు తెలుసు గనక, అప్పటిదాకా ఆదివారాలు ఇక్కడికి వచ్చి ఇదే తొక్కుకో. వచ్చే ఏడు పోటీ ఎన్నింటికి పెట్టాలో డాక్టరు గారు ముందు నన్ను అడగాలి. కింద మీ నాన్న రెండు ముక్కలు రాస్తానంటున్నాడు. చెయ్యి కడుక్కోమన్నాను.

మీ మేనత్త
సన్యాసమ్మ

పద్మా, గాలి తీసింది నేనే. ఆపడానికి కాదు. అక్క రాసినట్టు వేలు పెట్టి గోరు దాకా దిగుతోందా లేదా అని రెండుసార్లు చూశాను. నువ్వు పంపు కొడుతున్నంతసేపూ మెలకువగానే ఉన్నాను, లేచి చెప్పడానికి నోరు రాలేదు. ఇంకెప్పుడూ అలా పడుకోను. ఆదివారం వస్తాను. ఈలోపు ఎవరైనా మీదే ఊరని అడిగితే తిప్పపాలెం అని చెప్పు.
నాన్న